పేరు పెట్టి పిలిచే దారి

3 ఫిబ్రవరి 2003, సోమవారం

ఉద్యోగంలో చేరాను. ఇంట్లో చెప్పవలసినవన్నీ చెప్పాను. బడి బాగుంది, పిల్లలు బాగున్నారు, సముద్రపు గాలి బాగుంది. చెప్పకూడనిది ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ డైరీ నాన్నగారికి ఆఫీసులో ఎవరో ఇస్తే, పాల లెక్క రాసుకోమని అమ్మకిచ్చారు. అమ్మ నా మీదికి తోసేసింది.

చెప్పకూడనిది ఒకటే. బడికి వెళ్ళే దారిలో ఎలుగుబంట్లు ఉన్నాయి.

టెక్కలి నుంచి నౌపడాకి బస్సు. అక్కణ్ణించి పాసింజరు బండి. పూండిలో దిగి ఆటో ఎక్కితే గెడ్డపేట దగ్గర దింపేస్తాడు. బడేమో ఇసకమెట్టలో. రెండూళ్ళకీ మధ్య అరగంట నడక, దారి పొడుగునా జీడితోటలు. గెడ్డపేట పిల్లలందరూ ఆ దారినే బడికి రావాలి. వాళ్ళకి మరో బడి లేదు. నా ముందున్న మేష్టారు జీడి పూత చూడగానే ఎలుగుబంట్లకి భయపడి సెలవు చీటీ పెట్టి వెళ్ళిపోయారట. మళ్ళీ రాలేదు. బడి మూతపడి, పిల్లలు గొర్రెల వెంట తిరిగారు. ఉన్న ఒక్క టీచరు పోతే ఇక్కడ బడి లేనట్టే.

"మరి ఎలుగుబంట్లు వస్తే?" అని అడిగాను. నాలుగో తరగతి అశ్విని నా చెయ్యి నిమిరి మరీ ఓదార్చింది. "ఏటీ అవ్వదు టీచర్. పెద్దతల్లి ముందు నడుత్తాది గదా."

ఊరి దేవత కాబోలనుకుని మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను. దేవత కాదు, మనిషే. అరవై దాటి ఉంటుంది. చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నెత్తిన ఖాళీ గంప పెట్టుకుని, చేతిలో కర్రతో వచ్చింది. ఇసకమెట్ట అవతల తోటలో ఆవిడకి కూలి పని. రోజూ పిల్లల ముందు నడుస్తుందట. తోటలో అడుగు పెట్టిందో లేదో నోరు విప్పింది.

"ఓరి పెంటిగా! నీ జిమ్మడిపోను! ఎక్కడ సచ్చినావురా సచ్చినోడా! నోట్లో నాలికి నేదేటిరా! కేకేస్తే నీ సొమ్మేటి పోద్దిరా!"

ఈ పెంటిగాడెవరని అశ్వినిని అడిగాను. "ఆవిడ మొగుడు టీచర్" అంది.

మా నాయనమ్మ చచ్చేదాకా తాతయ్య పేరు పలకలేదు. రేషను కార్డు రాసేవాడు అడిగితే నన్ను ముందుకి తోసి, "నువ్వు చెప్పవే" అనేది. ఈవిడ మొగుణ్ణి పేరు పెట్టి, రా తగిలించి, ఊరికీ ఊరికీ మధ్య చాటింపు వేస్తోంది. పాపం ఆ పెంటయ్య ఇంట్లో ఏ మూల నక్కి కూచున్నాడో.

6 ఫిబ్రవరి

నాన్నగారు టెక్కలికి మార్పించే ప్రయత్నంలో ఉన్నారు. ఎమ్మార్వో ఆఫీసులో పాతికేళ్ళు గుమాస్తా చేసినవారికి ఆ మాత్రం తెలిసినవాళ్ళు ఉంటారు. "వేసవి సెలవులదాకా ఓపిక పట్టు, హేమా" అన్నారు. ఎప్పటిలాగే మెల్లగా. మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. ఆడపిల్ల మాట వీధి గడప దాటకూడదు అనేది మా ఇంటి శాసనం. నేను పిలిస్తే మా పిల్లి కూడా రాదు.

ఓపిక పడతాను.

11 ఫిబ్రవరి

బడి పక్క కొబ్బరితోట ఆయన బోరింగు బాగుచేసి వెళ్ళాడు. ఎత్తరి మనిషి. ఎడమ చెంప మీద చెవి దాకా ఒక గాటు. ఎలుగుబంటితో కలబడ్డాడట. పిల్లలు ఆ కథని రకరకాలుగా చెప్పారు. ఒకడి కథలో ఎలుగుబంటి చచ్చిపోయింది. మరొకడి కథలో దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన మటుకు ఏమీ చెప్పుకోడు. అసలు మాట్లాడడు. పిడి బిగించి, నీళ్ళు కొట్టి చూసి, "వొత్తాయండీ" అని వెళ్ళిపోయాడు.

పేరు తెలుసు. రాయవలసిన పనేముంది.

12 ఫిబ్రవరి

వొత్తాయండీ అన్నది నీళ్ళ గురించే.

20 ఫిబ్రవరి

ఇవాళ కొబ్బరితోట ఆయన కనిపించలేదు. కనిపించాలని కాదు. నీలం చీర పెట్టెలో పడి పాడవుతోందని కట్టుకున్నాను.

4 మార్చి, మంగళవారం

జీడిపళ్ళు పండాయి. తోటంతా తీపీ వగరూ కలిసిన వాసన. పళ్ళ కోసం ఎలుగుబంట్లు వస్తాయట. పెద్దతల్లి తిట్లు రెట్టింపయ్యాయి. ఇవాళ పెంటయ్యతో మొదలుపెట్టి, అల్లుణ్ణీ, పోయినేడు పడని వాననీ, కిందికొచ్చి తగిలిన జీడి కొమ్మనీ వరసగా కడిగేసింది. కొమ్మ పక్కకి జరిగిందేమో అనిపించింది నాకు.

మధ్యలో నా వైపు తిరిగింది. "నువ్వేటే పంతులమ్మా, నోట్లో బెల్లమ్ముక్క ఎట్టుకున్నావేటి? నోరిప్పు. ఏదోటి అను."

"ఏమనాలి?"

"నీకు కోపమొచ్చినోల్నెవుల్నో తిట్టు."

"నాకెవరి మీదా కోపం లేదు."

"ఓలమ్మో! కోపం నేని ఆడదట! సూడండర్రా!" అని చెట్లకి చూపించింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు కోపమొచ్చింది. అది చెప్పడానికి గొంతు రాలేదు.

8 మార్చి

తరగతిలో పలక లాక్కున్న పక్కవాణ్ణి అశ్విని "నీ జిమ్మడిపోను" అంది. బడిలో. నా ఎదురుగా. తొమ్మిదేళ్ళ పిల్ల.

ఇక లాభం లేదు. సోమవారం ఆవిడతో మాట్లాడి తీరాలి.

10 మార్చి

మాట్లాడాను. రాత్రంతా కూడబలుక్కున్న మాటలు: పిల్లలు విన్నదే నేర్చుకుంటారు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, మీరు పిల్లల ముందు అలా మాట్లాడకుండా ఉంటే బాగుంటుంది.

పెద్దతల్లి కర్ర ఇసకలో గుచ్చి, అంతా విన్నది. మధ్యలో అడ్డు రాలేదు. చివర్న, "నోరు మంచిగుంటే ఊరు మంచిదే తల్లీ. అడివి సంగతేటి?" అంది. మళ్ళీ ఆవిడే అంది: "సర్లే. నీ గుంటలు, నీ ఇట్టం. నాను ఎనకాల వొత్తాను. మీరు ముందెల్లిపోండి." గుంటలంటే ఇక్కడ పిల్లలు.

కొబ్బరితోట ఆయన అక్కడే అరటి పిలకలు తవ్వుతున్నాడు. తలెత్తి, "పొద్దున్న నేను తోడొత్తానండీ" అన్నాడు.

ఇది పిల్లల క్షేమం కోసం.

12 మార్చి

భుజాన గొడ్డలి. ముందు ఆయన, వెనక నేను, నా వెనక పిల్లలు. పెదవుల మీద వేలు పెట్టుకుని వరసలో నడవమన్నాను. ఎంత చక్కగా నడిచారో! ఎండుటాకు చప్పుడు కూడా వినిపిస్తోంది. తోటలో ఇన్ని పిట్టలున్నాయని ఇవాళే తెలిసింది. ఎక్కడో వెనక, చాలా దూరాన, "ఓరి పెంటిగా" అని సన్నగా వినిపించింది.

ముందు నడిచే మనిషి వీపు చూస్తూ నడిస్తే భయం వెయ్యదు. ఎందుకో తెలీదు. వెడల్పయిన వీపు.

17 మార్చి, సోమవారం

ఒంటిపూట బడులు మొదలు. తెల్లవారుజామున ఇంట్లోంచి బయల్దేరడం కుదరక, గెడ్డపేటలోనే అశ్విని వాళ్ళ వసారా గదిలో ఉంటున్నాను. ఎండ రాకముందే తోట దాటాలి. ఎలుగుబంట్లు మేత ముగించుకుని వెనక్కి మళ్ళే వేళ కూడా అదేనట. ఫరవాలేదు, ఆయన ఉన్నాడు.

19 మార్చి

పెద్దతల్లి నాతో మాట్లాడడం లేదు. పలకరిస్తే తల తిప్పుకుంటోంది. ఆవిడ తిట్లు లేకపోతే దారి పొడుగెక్కువైనట్టుంది. అలవాటు పోవాలంటే కొన్నాళ్ళు పడుతుంది, అంతే.

24 మార్చి, సోమవారం

బడి అయిపోయింది. పిల్లల్ని మధ్యాహ్నం పెద్దవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. నేను కుర్చీలో కూచుని రాస్తున్నాను. ఎందుకో నవ్వొస్తోంది. వరసగా రాస్తాను.

పొద్దున్న మంచు కొంచెం ఉంది. ఎప్పటిలాగే మౌనంగా నడుస్తున్నాం. పెద్ద పనస చెట్టు మలుపు దగ్గర, జీడిచెట్టు కింద, ఎవరో నల్ల గొంగళి కుప్పగా పడేసినట్టు కనిపించింది. మా ఇంటి వాకిలికీ వీధికీ ఉన్నంత దూరం. పొద్దున్నే గొంగళి ఎవరు పారేసుకున్నారా అనుకుంటున్నాను.

గొంగళి లేచి రెండు కాళ్ళ మీద నిలబడింది.

మేము వచ్చిన సంగతి దానికి తెలియనే తెలియదు. అంత చప్పుడు లేకుండా నడిపించాను కదా పిల్లల్ని. అదీ అదిరిపడింది. మూతి పొడుగ్గా సాచి గుర్రుమంది. పిల్లల్లో అందరికన్నా చిన్నది నా చీర కుచ్చెళ్ళలో దూరిపోయింది. నేను ముందున్న వీపు కోసం చూశాను.

వీపు లేదు. గొడ్డలి ఇసకలో పడి ఉంది. పైన జీడి కొమ్మ ఊగుతోంది. కొమ్మ మీద రెండు కాళ్ళు.

"సార్! ఎలుగ్గొడ్డు సెట్టెక్కుద్ది సార్!" అని వెనకనుంచి ఎవరో పిల్లాడు గుర్తు చేశాడు.

ఎలుగుబంటి ఒక అడుగు ముందుకేసింది. నాకు దేవుడు గుర్తు రాలేదు, అమ్మ గుర్తు రాలేదు. నా నోట్లోంచి ఏదో బయటికొచ్చింది. నా గొంతని మొదట నేనే పోల్చుకోలేదు.

"ఓరి పెంటిగా! నీ జిమ్మడిపోను! ఎక్కడ సచ్చినావురా సచ్చినోడా! నోట్లో నాలికి నేదేటిరా!"

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అంతా అదే యాస, అదే దీర్ఘం. ఎలుగుబంటి ఆగిపోయింది. ఆపితే మళ్ళీ కదులుతుందని భయమేసి అల్లుణ్ణి అందుకున్నాను. నాకు అల్లుడెక్కడివాడు! అయినా ఏడు తరాలు కడిగేశాను. అప్పుడు వెనకనుంచి పిల్లలందరూ అందుకున్నారు. పోయినేడు పడని వాన దగ్గర అశ్విని అందరికన్నా పైకెత్తింది. పద్యం అప్పజెప్పమంటే గుటకలు మింగే పిల్లలు, ఎక్కడా తడుముకోకుండా తోటంతా మారుమోగించేశారు.

పక్కింటి రేడియో గట్టిగా మోగినప్పుడు మా నాన్నగారు మొహం ఎలా పెడతారో, ఆ ఎలుగుబంటి సరిగ్గా అలా పెట్టింది. నాలుగు కాళ్ళ మీద దిగి, వెనక్కి తిరిగి, పొదల్లోంచి గబగబా వెళ్ళిపోయింది. అది వెళ్ళిపోయాక కూడా చాలాసేపు తిట్టాం. ఆపాలని ఎవరికీ తోచలేదు.

తరవాత చెట్టు వైపు తిరిగి, అదే గొంతుతో అరిచాను. "యుగంధర్ గారూ! దిగండి కిందికి!"

దిగాడు. చొక్కా చిరిగింది. నా మొహం చూడలేదు.

అప్పుడు వెనకనుంచి పెద్దతల్లి వచ్చింది. పరిగెత్తుకుంటూ. గంప ఎక్కడో పారేసింది, కర్ర మటుకు ఉంది. ఆయాసానికి మాట రావడం లేదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ తడిమి, అందరూ ఉన్నారని చూసుకుని, అప్పుడడిగింది. "ఎవులే? ఎవులే ఆ కేకేసినాది?"

పిల్లలందరూ నన్ను చూపించారు.

"నా మొగుణ్ణి నువ్వెందుకే తిట్టినావు?" అంది. ఇసకలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎంతకీ తుడుచుకుంటూనే ఉంది.

25 మార్చి

గొంతు బొంగురుపోయింది. పాఠాలన్నీ సైగలతో చెప్పాను. పిల్లలు నా మాట ఇంత బాగా ఎన్నడూ వినలేదు.

26 మార్చి, బుధవారం

పెద్దతల్లి మళ్ళీ ముందు నడుస్తోంది. నేనే వెళ్ళి అడిగాను. "ఇన్నాళ్ళూ నీకు బుద్ది నేదనుకున్నాను గానీ, ఇంత గొంతుందనుకోనేదు" అంది. అంతటితో తీరిపోయింది. పెద్ద పనస చెట్టు దగ్గర పిల్లల్ని ముందుకి తోలి, నన్ను ఆపింది.

"పెంటయ్య ఇంట్లో ఉన్నాడనుకున్నావు గదేటి నువ్వు?"

"అవును."

"ఇక్కడే పోనాడు" అని చెట్టు మొదలు చూపించింది.

ఆయన నోట్లో నాలుక లేని మనిషట. మాట్లాడితే మాటలు ఖర్చయిపోతాయన్నట్టు ఉండేవాడట. పొద్దున్నే చప్పుడు చెయ్యకుండా తోటకి వెళ్ళేవాడు. ఆవేళ ఆయన ముందు నడుస్తున్నాడు, ఈవిడ గంజి కుండతో బాగా వెనక. పనస చెట్టు పక్కన ఎలుగుబంటి వీపు ఈవిడకి కనిపించింది. ఆయనకి కనిపించలేదు.

"ఇదుగో, ఓలయ్యో, అన్నాను. మెల్లగే అన్నాను. అతగాడు ఇనిపించుకోనేదు. పేరెట్టి ఒక్క కేకేసుంటే ఆగీవోడు. పేరెట్టి పిలిస్తే మొగుడి ఆయుస్సు తగ్గిపోద్దంతారు గదేటి. మాయమ్మ సెప్పినాది. ఆయుస్సు తగ్గిపోద్దని పిలవనేదమ్మా నాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి విదిలించుకోలేదు.

"అప్పట్నుంచి పిలుత్తన్నాను. రోజూ పిలుత్తన్నాను. ఇప్పుడు తగ్గడానికి ఆడికి ఆయుస్సేటుంది?" అని ఒక నవ్వు నవ్వింది.

"అంత జరిగినా రోజూ పిల్లల్ని ఈ దారినే తీసుకొస్తున్నావు. ఎంత ధైర్యం నీకు!" అన్నాను.

"దైర్నమేటే నీ మొకం! బయమేసి అరుత్తానే నాను. గుండి దడదడలాడిపోద్ది. అరిస్తే అది ఇనబడదు. గుంటలు ఎనకాలొత్తారు, అదొక్కటే నాకు దైర్నం."

ఇంతకాలం నేను చూసిందేమిటి? గాటున్న చెంప, గొడ్డలి, వెడల్పయిన వీపు. కాపాడేవాడంటే అలా ఉంటాడని నాకెవరు చెప్పారో తెలీదు. ఎవరూ చెప్పకుండానే నమ్మాను. నన్ను రోజూ కాపాడిన మనిషినేమో నోరు మూసుకోమన్నాను. ఆవిడంటే ఇప్పుడు నాకెంత ఇష్టమో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. రాశాను.

28 మార్చి

ఆయన వచ్చాడు. రెండు కొబ్బరి బొండాలు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆ గాటు ఎలుగుబంటిది కాదండీ" అన్నాడు.

"మరి?"

"తోటలో నిద్దరోతుంటే కొబ్బరి మట్ట మీద పడిందండీ."

నేను నవ్వు ఆపుకోవడానికి హాజరు పట్టీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎలుగుబంటి అన్నది ఊళ్ళోవాళ్ళట. ఈయన కాదనేలోపు కథ మందస దాకా వెళ్ళిపోయిందట. "ఊరికి ఒకడు కావాలి గదండీ అలాటోడు. నేను దొరికాను. ఒద్దనడానికి మొగమాటమేసింది" అన్నాడు. ఆయన ఇన్ని మాటలు మాట్లాడగా నేను వినడం ఇదే మొదటిసారి.

"చెట్టెక్కినందుకు మీకు కోపంగా ఉంటాది."

"ఉంది."

"తిట్టండి మరి. మీకు బాగా వొచ్చు గదా."

బొండాం నీళ్ళు చాలా తియ్యగా ఉన్నాయి.

3 ఏప్రిల్, గురువారం

ఉగాదికి ఇంటికెళ్ళి వచ్చాను. అమ్మ "పచ్చడి ఎలా ఉందే?" అంటే, "ఉప్పు నేదు" అన్నాను. వీధి చివర దాకా వినిపించిందట. నాన్నగారు పేపరు కిందికి దించి చూశారు.

8 ఏప్రిల్

యుగంధర్ గారు రోజూ గెడ్డపేట వస్తున్నారు. గొడ్డలి లేకుండా. పెద్దతల్లి ఆయనకి కేక నేర్పుతోంది. ఆయన "ఓయ్" అంటే తన కొబ్బరితోటలో దొంగకి కూడా వినిపించదు. "ఆ కేకకి ఎలుగ్గొడ్డు పారిపోదురా నాయినా, జాలి పడి నీకో పండెట్టి పోద్ది" అంది పెద్దతల్లి. పిల్లలకి ఆ మాట చాలు. పొద్దున్నే అందరూ జీడిపళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెడుతున్నారు.

ఆయన అని రాయబోయి పేరు రాశాను. చూసుకోలేదు.

14 ఏప్రిల్, సోమవారం

నాన్నగారి దగ్గర్నుంచి కబురు. టెక్కలిలో ఖాళీ ఉంది, మాటైపోయింది, నేను ఊ అంటే చాలట. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర బడి. చివరి పనిరోజున తనే వచ్చి నన్ను తీసుకెళతారట.

నాన్నగారి మాటకి ఇంతవరకు ఊ అనకుండా ఉన్నది లేదు.

అశ్విని ఎలా పసిగట్టిందో. "టీచర్, నువ్వూ ఎలిపోతావేటి?" అంది. నేను "పలక తుడుచుకో" అన్నాను.

15 ఏప్రిల్

టెక్కలి బడికి ఫ్యానుంది.

17 ఏప్రిల్

టెక్కలి బడికి ఫ్యానుంది. నలుగురు టీచర్లున్నారు. నేను కాకపోతే మరొకరు చెబుతారు.

ఇక్కడ మరొకరు లేరు.

23 ఏప్రిల్, బుధవారం. చివరి పనిరోజు

పొద్దున్నే నాన్నగారు ఆటో దిగారు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. ఈ దారి సంగతి చెప్పకుండా ఎలా నడిపించాలా అని నిన్నంతా ఆలోచించాను. ఏమీ తోచలేదు. గెడ్డపేట దాటగానే పెద్దతల్లి కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈయేళ నువ్వు ముందు నడు" అంది.

"నాన్నగారున్నారు" అన్నాను గొణుగుతూ.

"ఆయన్ని ఎలుగ్గొడ్డు ఒగ్గీద్దేటి?"

నాన్నగారు ఆ మాట విన్నారు. "హేమా, ఎలుగుబంటి అంటోందేమిటి ఈవిడ?" అన్నారు.

ఇక దాచడానికేం లేదు. ముందుకెళ్ళి నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. "ఓరి పెంటిగా! నీ జిమ్మడిపోను! ఎక్కడ సచ్చినావురా!"

నాన్నగారి గొడుగు కింద పడింది.

వెనక్కి చూస్తే ఆగిపోతానని చూడలేదు. అల్లుడయ్యాడు, వానయ్యింది, కొమ్మయ్యింది. కొత్తవి కూడా కలిపాను: సెలవు చీటీ పెట్టి పోయిన మేష్టారినీ, ఆలస్యంగా వచ్చే పాసింజరు బండినీ. పిల్లలు నా వెనక అందుకుంటున్నారు. యుగంధర్ గారి ఓయ్ కూడా ఇవాళ కాస్త వినిపించింది. పనస చెట్టు మలుపు దగ్గర నాన్నగారు చిన్నగా గొంతు సవరించుకున్నారు. పాతికేళ్ళు ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. ఎలుగుబంటి అంటే ఎవరికైనా భయమే.

"ఓరి... పెంటయ్యగారూ" అన్నారు.

పిల్లలు ఘొల్లుమన్నారు. నాన్నగారు కూడా నవ్వారు. పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడలేదు ఎప్పుడూ. తరవాత రెండోసారి ఇంకొంచెం గట్టిగా అన్నారు. గారు మటుకు వదల్లేదు.

తోట దాటి ఇసకమెట్ట చేరాక, యుగంధర్ గారు పిల్లల్ని లెక్క చూసుకుంటూ వెనకబడ్డారు. "యుగంధర్ గారూ! బేగి రండి!" అని పిలిచాను. ఊరంతటికీ వినిపించేలా. నాన్నగారు నావైపు చూసి, ఆయనవైపు చూసి, గొడుగు ఇసక దులుపుకుంటూ ఉండిపోయారు.

అప్పుడు గమనించాను. పెద్దతల్లి గొంతు దారిలో ఎక్కడా వినబడలేదు. అందరికన్నా వెనక, గంప నెత్తిన పెట్టుకుని, మెల్లగా వస్తోంది.

"ఒంట్లో బాగులేదా? ఇవాళ ఒక్క మాటా అనలేదేం?" అన్నాను.

"బాగానే ఉంది. ఇన్నేల్లకి ఈయేళ ఊరుకుని నడిసినానమ్మా" అంది. "ముందు నీ కేక ఇనబడతన్నాది. నా గుండి సప్పుడు సెయ్యనేదు. పనస సెట్టుకాడ పిట్టలున్నాయి, సూసినావేటి? నానెప్పుడూ ఇననేదు."

కర్ర తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"ఉంచు. జూన్‌లో బడి తెరిస్తే మరి కర్రేది?" అని, యుగంధర్ గారి వైపు గడ్డం ఎగరేసింది. గొంతు తగ్గించి అంది. "ఆడ్ని పేరెట్టి పిలిసీసినావు. మంచి పని సేసినావు. రేపు ఆడు నీ మొగుడైనా, ఎవులేటన్నా, ఆ పిలుపు మానీకు."

నాన్నగారు బడి మెట్టు మీద కూచుని ఉన్నారు, పక్కన గొడుగు. "టెక్కలి సంగతి ఏమంటావు, హేమా?" అని అడిగారు, ఎప్పటిలాగే మెల్లగా.

"నేను రాను నాన్నగారూ" అన్నాను.

మెట్టు మీద కూచున్న మనిషికి చెప్పడానికి అంత గొంతు అక్కర్లేదు. కానీ పిల్లలందరూ తోట అంచున ఆగి, నేనేం చెబుతానా అని చూస్తున్నారు.